వైఫై మాటిమాటికీ తెగిపోతోందా? మందు కొట్టే ముందు పురుగేదో చూడండి



ఈ వారం జీవామృతం గురించో, నవధాన్యాల గురించో ఉంటుందనుకుని వచ్చి ఉంటారు. ఈసారి వైఫై గురించి రాస్తున్నాను. వ్యవసాయం పేజీలో ఇదేం గోల అని నవ్వుకోకండి. మన వైఫై తెగిపోవడం వల్ల ఒక తమ్ముడి పది గుంటల మిరప తోట మాడిపోయింది. అందులో నా తప్పు కూడా ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. పైన ఉన్న వీడియోలో పరీక్షలన్నీ చేసి చూపించాను. ఇక్కడ వాటి వెనక సంగతి రాస్తున్నాను.

అసలేం జరిగింది

మాది పల్నాడు జిల్లా. ప్రతి శనివారం సాయంత్రం 7 గంటలకు నేను లైవ్‌లో కూర్చుంటానని మీకు తెలుసు. రైతులు వాళ్ల పొలంలోని ఆకు, పురుగు వీడియోలో చూపిస్తారు, నాకు తెలిసింది చెబుతాను. ఖమ్మం వైపు తమ్ముడొకరు మిరప చూపించాడు. సగం చేలో పై ముడత ఉంది, అంటే తామర పురుగు. మిగతా సగంలో లద్దె పురుగు ఆకు తింటోంది.

నేను చెప్పింది ఇది: "పురుగు తినేచోట అగ్నిఅస్త్రం కొట్టు తమ్ముడూ, 200 లీటర్ల నీళ్లకు 6 లీటర్లు, అంతకు మించొద్దు. ముడత ఉన్నచోట నీమాస్త్రం, అది నీళ్లు కలపకుండా అలాగే కొట్టుకోవచ్చు."

అతనికి వినపడింది ఇది: "పురుగు తినేచోట అగ్నిఅస్త్రం కొట్టు తమ్ముడూ... నీళ్లు కలపకుండా అలాగే కొట్టుకోవచ్చు."

మధ్యలో నాలుగైదు సెకన్లు నా బొమ్మ ఆగిపోయింది, మాట పోయింది. మళ్లీ వచ్చేసరికి వాక్యం అతుక్కుపోయింది. అతను సరే అన్నా అన్నాడు, నేను ఇంకొకరి ప్రశ్నకు వెళ్లిపోయాను.

అగ్నిఅస్త్రం అంటే ఏంటో మనకు తెలుసు. ఆవు మూత్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు వేసి ఉడికించిన కషాయం. నీమాస్త్రం అయితే 100 లీటర్ల నీళ్లలో 5 లీటర్ల మూత్రమే కాబట్టి అది ముందే పలచనగా ఉంటుంది. అగ్నిఅస్త్రాన్ని చిక్కగా అలాగే కొడితే ఆకు తట్టుకోదు. మంగళవారం ఫోన్ వచ్చింది. "నువ్వు చెప్పినట్టే కొట్టిన అన్నా. ఆకులన్నీ మాడిపోయినయ్." నాకు నోట మాట రాలేదు. రికార్డింగ్ పెట్టి చూశాక తెలిసింది ఏం జరిగిందో. నా దగ్గర ఉన్న రికార్డులో నా మాట పూర్తిగానే ఉంది. దారిలో పోయింది.

నేను చేసిన తెలివితక్కువ పనులు

అప్పటికి రెండు నెలలుగా నెట్ తెగుతూనే ఉంది. మరి నేనేం చేశానంటే, రసాయన రైతు పురుగు కనపడగానే పక్కవాడు చెప్పిన డబ్బా తెచ్చి కొట్టినట్టు చేశాను.

మొదట నెట్ కంపెనీని తిట్టాను. వాళ్ల లైన్ చూసే అబ్బాయి మూడుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఒక వైరు తీసి తన ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు నేరుగా తగిలించి, "లైన్ బాగానే ఉంది బాబాయ్" అని చూపించాడు. నేను నమ్మలేదు. అతను వెళ్లగానే మళ్లీ తెగేది.

తర్వాత సిగ్నల్ పెంచే రిపీటర్ ఒకటి 1,800 రూపాయలు పెట్టి కొన్నాను. ఫోన్‌లో గీతలు నిండుగా వచ్చాయి, తెగడం మాత్రం ఇంకా ఎక్కువైంది. ఎందుకో తర్వాత చెబుతాను. ఆ తర్వాత ల్యాప్‌టాపే పాడైందనుకుని కొత్తది బేరం కూడా ఆడాను. మిరప మాడిన ఫోన్ వచ్చాక ఆ బేరం ఆపేశాను.

ఆ రాత్రి మా ఆవిడ ఒక మాటంది. "చేలో ఆకు పసుపు తిరిగితే వారం రోజులు తిరిగి చూస్తావు. ఏ మొక్క, ఏ వైపు, ఏ వేళ అని రాసుకుంటావు. దీన్నెందుకు అలా చూడవు?" నిజమే కదా. మర్నాడే ఒక నోటు పుస్తకం రౌటర్ పక్కన దారంతో కట్టాను.

వైఫై అంటే నీళ్ల వంతు లాంటిది

పుస్తకంలో ఏం తేలిందో చెప్పేముందు, వైఫై ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఇది తెలిస్తే మిగతాదంతా మీకే తెలిసిపోతుంది.

వైఫై రేడియో తరంగాల మీద నడుస్తుంది. ఎక్కువ ఇళ్లలో వాడేది 2.4 గిగాహెర్ట్జ్ అనే పట్టీ. అంటే 2400 నుంచి దాదాపు 2480 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చోటు. తక్కువ శక్తితో వాడేవాళ్లకు ఇక్కడ లైసెన్సు అక్కర్లేదు. ఊరి బంజరు భూమి లాంటిదన్నమాట. అందుకే అందరూ అక్కడే గొడ్లను తోలతారు. వైఫై, బ్లూటూత్, కొన్ని కార్డ్‌లెస్ ఫోన్లు, వైరు లేని కెమెరాలు, మనం వీడియోలకు పెట్టుకునే కాలర్ మైకుల్లో చాలా రకాలు, అన్నీ అక్కడే. మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు 2450 దగ్గరే పనిచేస్తుంది.

వైఫైకి ఒక మంచి బుద్ధి ఉంది. మాట్లాడే ముందు వింటుంది. వేరేవాళ్లు మాట్లాడుతుంటే ఆగుతుంది, వాళ్లు ఆపాక తన ముక్క పంపుతుంది. కాలువ కింద రైతులు వంతుల ప్రకారం నీళ్లు పెట్టుకున్నట్టు. మీ ఫోనూ, మీ ల్యాప్‌టాప్, పక్కింటి రౌటర్, అన్నీ ఇలా వంతు పాటిస్తాయి. అందుకే ఒకే గాలిలో అందరికీ పని జరుగుతుంది.

గొడవ ఎక్కడంటే, వంతు తెలియని యంత్రాలతో. వంతు లేదు, వినడం లేదు, రాత్రీపగలూ మోటారు ఆన్ చేసి కాలువంతా తోడేసుకునే మనిషిలాంటివి. వైఫై పాపం గాలి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఆగుతూనే ఉంటుంది. పంపిన ముక్క కూడా ఆ గోలలో చెడిపోతే మళ్లీ పంపుతుంది. మనకేమో బొమ్మ ఆగిపోయినట్టు, నెట్ తెగినట్టు కనపడుతుంది. ఫోన్ మీద గీతలు మాత్రం నిండుగానే ఉంటాయి. ఎందుకంటే గీతలు చెప్పేది రౌటర్ గొంతు ఎంత గట్టిగా వినపడుతోందో మాత్రమే. పక్కన ఎంత గోల ఉందో అవి చెప్పవు.

ఇది గుర్తుపెట్టుకోండి: గీతలు తక్కువగా ఉండి నెట్ రాకపోతే దూరమో, అడ్డమో కారణం. గీతలు నిండుగా ఉండి తెగుతుంటే, లైన్ కూడా బాగుంటే, గాలిలో గోలను అనుమానించాలి.

నోటు పుస్తకంలో తేలిన సంగతి

నాలుగు గడులు గీశాను. తేదీ, వేళ, ఎంతసేపు, అప్పుడు ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి. పది రోజులు ఇంట్లో ఎవరు చూస్తే వాళ్లు రాశారు. మా అమ్మ కూడా "టీవీలో భజన ఆగింది" అని రాయించింది.

పదో రోజు పుస్తకం ముందేసుకుని చూస్తే, నేను ఒక్క జబ్బు అనుకున్నది మూడు జబ్బులు. చేలో కూడా ఇంతే కదా, ముడత ఒకటే అనిపిస్తుంది, పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి.

మొదటిది, రెండు నిమిషాల తెగుడు. ఉదయం 7.40, మధ్యాహ్నం 1.15, రాత్రి 8.30. ఎప్పుడు తెగినా రెండు నిమిషాలే, దానంతటదే వచ్చేది. నాలుగో గడిలో ప్రతిసారీ ఒకటే మాట, ఓవెన్. పాలు, కూరలు వేడిచేసే మైక్రోవేవ్ ఓవెన్ మా వంటింటి గోడకు ఇవతల ఉంది, రౌటర్ అదే గోడకు అవతల ఉంది. లోపల 800 వాట్ల శక్తితో కూరను వేడి చేస్తుంది. వైఫై రౌటర్ పంపేది సుమారు ఒక వాట్‌లో పదో వంతు. ఓవెన్ తలుపు సరిగా మూసుకున్నా రవ్వంత బయటికి వస్తుంది. మనిషికి హాని చేసేంత కాదు, వైఫై మాట వినపడకుండా చేయడానికి మాత్రం అది చాలు.

వీడియోలో 5వ నిమిషం దగ్గర చూడండి. ఓవెన్‌లో గ్లాసు నీళ్లు పెట్టి ఆన్ చేశాను. పక్కనే ల్యాప్‌టాప్‌లో పింగ్ నడుస్తోంది. పింగ్ అంటే రౌటర్‌ను సెకనుకోసారి "ఉన్నావా" అని పిలవడం. ఓవెన్ ఆఫ్‌లో ఉన్నంతసేపూ రెండు మూడు మిల్లీసెకన్లలో "ఉన్నా" అని జవాబు వచ్చింది. ఆన్ చేయగానే మూడు వందలు, ఎనిమిది వందలు, తర్వాత జవాబే లేదు. ఓవెన్ టింగుమని ఆగగానే మళ్లీ రెండు, మూడు.

రెండోది, చీకటిపడితే మందకొడి. రోజూ సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లారేదాకా నెట్ ఈడ్చుకుంటూ నడిచేది. నెట్ కంపెనీ వాళ్లకు సాయంత్రం జనం ఎక్కువవుతారు, అందుకే అనుకున్నాను. పుస్తకంలో చూస్తే, ఆ వేళకే రోజూ మేం ఆన్ చేసేది కొట్టంలో కెమెరా. మా ఒంగోలు ఆవు చూడితో ఉంది. రాత్రి లేచి చూడ్డం కష్టమని పాత రకం వైరు లేని కెమెరా ఒకటి కొట్టంలో పెట్టి, ఇంట్లో చిన్న టీవీకి దాని రిసీవర్ తగిలించాం. ఇది ఫోన్ యాప్‌లో చూసుకునే వైఫై కెమెరా కాదు. అదైతే వంతు పాటిస్తుంది. ఈ పాత రకం తన బొమ్మను 2.4 గిగాహెర్ట్జ్ మీద ఆపకుండా ఊదుతూనే ఉంటుంది, ఎవరి మాటా వినదు. కాలువ తోడేసుకునే మనిషి అని చెప్పానే, సరిగ్గా అదే.

మూడోది, శనివారం జబ్బు. ఇదే అసలు దొంగ. మిగతా రోజుల్లో ల్యాప్‌టాప్ బాగానే ఉండేది, శనివారం లైవ్‌లో మాత్రం చచ్చేది. అదే బల్ల మీద ఉన్న ఫోన్లో నెట్ వచ్చేది. అందుకే ల్యాప్‌టాప్ పాడైందనుకున్నాను. పుస్తకంలో నాలుగో గడి చూస్తే శనివారం ఒక్కటే ఎక్కువ ఉంది, హార్డ్ డిస్క్. వారమంతా తీసిన వీడియోలను లైవ్ నడుస్తుండగానే పక్కన డిస్క్‌లోకి ఎక్కించేవాణ్ణి. టైం కలిసొస్తుందని.

డిస్క్‌కీ వైఫైకీ ఏం సంబంధం అనుకుంటున్నారా? నేనూ నమ్మలేదు. యూఎస్‌బీ 3.0 అనే వేగమైన రకం డిస్కులు, వాటి వైర్లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో గోల పుట్టిస్తాయి. ఇంటెల్ కంపెనీ ఈ సంగతి కొలిచి 2012లోనే ఒక పత్రం రాసింది. ఆ గోల దూరం పోదు, కొన్ని అడుగుల లోపే ఉంటుంది. కానీ డిస్క్ ల్యాప్‌టాప్‌కు అతుక్కుని ఉంటుంది కదా, ల్యాప్‌టాప్ చెవి దగ్గర డప్పు కొట్టినట్టే. బల్ల అటు చివర ఉన్న ఫోన్‌కు అది వినపడదు. వీడియోలో 9వ నిమిషం దగ్గర డిస్క్ తగిలించి, కాపీ మొదలుపెట్టి, తీసి, మళ్లీ తగిలించి మూడుసార్లు చూపించాను. మూడుసార్లూ ఒకటే ఫలితం.

ఇక ఆ శనివారం చూడండి. చీకటి పడింది కాబట్టి కొట్టంలో కెమెరా ఆన్, పక్కన హార్డ్ డిస్క్ కాపీ, చొక్కాకు వైరు లేని కాలర్ మైకు, ఆపైన నేను కొన్న రిపీటర్. ఇంత గోలలో నా నోటి నుంచి "200 లీటర్లకు 6 లీటర్లు" అన్న మాట బయటికి పోలేదు.

ఒక్కొక్కటే తీసి చూడాలి

నాలుగు కషాయాలు కలిపి కొడితే ఏది పనిచేసిందో తెలియదు. ఇక్కడా అంతే. ఒక రోజు ఒక్కటే మార్చాను, మర్నాటి దాకా చూశాను, రాశాను.

ఓవెన్‌ను కదిలించలేం కాబట్టి రౌటర్‌ను కదిలించాం. వంటింటి గోడ నుంచి తీసి నడవాలో ఛాతీ ఎత్తుకు పైన, తెరిచిన చోట పెట్టాం. పాత చోట ఇంకో ఇబ్బంది కూడా ఉందని అప్పుడు గమనించాం. కిటికీ బయటే వరండా నీడలో మూడు జీవామృతం డ్రమ్ములు, ఒక్కోటి 200 లీటర్లు. నీళ్లు ఈ తరంగాలను పీల్చేస్తాయి. అంటే షెడ్డు వైపు పోయే సిగ్నల్‌కు మేమే అడ్డంగా నీళ్ల గోడ కట్టాం. అది గోల కాదు, అడ్డం. రెండూ వేరు.

కొట్టంలో కెమెరాను తీసేయలేదు. ఆవు ముఖ్యం. దానికి రిసీవర్ బదులు వైరు లాగాం. ఇరవై మీటర్ల వైరు, గొట్టంలో పెట్టి పందికొక్కులు కొరక్కుండా. ఆ రాత్రి నుంచి చీకటి మందకొడి పోయింది.

హార్డ్ డిస్క్ కాపీని ఆదివారం ఉదయానికి మార్చాం. ఖర్చు సున్నా. తప్పనిసరి అయితే డిస్క్‌ను కాస్త పొడుగు మంచి వైరుతో ల్యాప్‌టాప్‌కు దూరంగా పెట్టండి. లేదా పాత రకం, వేగం తక్కువ ఉన్న యూఎస్‌బీ రంధ్రానికి తగిలించండి. చాలా ల్యాప్‌టాపుల్లో 3.0 రంధ్రం లోపల నీలం రంగు ఉంటుంది.

రిపీటర్ తీసి అటక మీద పెట్టాను. అది రౌటర్ మాటను విని అదే గాలిలో మళ్లీ చెబుతుంది. ఒక మాట రెండుసార్లు చెప్పాలంటే గాలిలో చోటు రెండింతలు కావాలి. గోల ఉన్నచోట రిపీటర్ పెట్టడం అంటే, అరుస్తున్న గుంపులో ఇంకొకణ్ణి అరవడానికి నిలబెట్టడమే. ఇంటికి దూరంగా సిగ్నల్ అందనిచోట అది పనికొస్తుంది, మా జబ్బుకు అది మందు కాదు.

చివరిగా అన్నిటికన్నా మంచి పని, లైవ్ చేసే ల్యాప్‌టాప్‌కు రౌటర్ నుంచి పదిహేను మీటర్ల లాన్ వైరు లాగాను. వైరులోకి ఈ గాలి గోల రాదు. లైన్ అబ్బాయి మూడుసార్లు చూపించింది ఇదే. నాకే బుర్రకెక్కలేదు. అతనికి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను, రెండు కిలోల దేశవాళీ బియ్యం పంపించాను.

జబ్బులా కనపడే వేరే లోపాలు

పోషక లోపాన్ని తెగులు అనుకుని మందు కొట్టేవాళ్లుంటారు. అలాగే ఇక్కడా గాలి గోల కానివి కొన్ని అలాగే కనపడతాయి.

మా పుస్తకంలో ఉదయం 9 గంటల తెగుడు కొన్ని రోజులుంది. అప్పుడు రౌటర్ లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగేవి. అది వైఫై గొడవ కాదు. త్రీఫేజ్ రాగానే చుట్టూ మోటార్లు ఒక్కసారి లేస్తాయి, వోల్టేజి పడిపోతుంది, రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. రౌటర్‌కు సరిపోయే చిన్న యూపీఎస్ పెడితే అది పోయింది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసి అంతదే తీసుకోండి.

ఫైబర్ లైన్ ఉన్నవాళ్లకు రౌటర్ మీద ఎల్ఓఎస్ అని ఒక లైటు ఉంటుంది. అది ఎర్రగా వెలిగితే బయట లైన్ తెగిందని. కోతులో, ట్రాక్టరో, కొమ్మో కారణం. అప్పుడు కంపెనీకి ఫోన్ చేయాల్సిందే, ఇంట్లో ఎన్ని మార్చినా లాభం లేదు.

పట్నంలో ఉన్నవాళ్లకు ఇంకో మాట

మన బియ్యం, పప్పులు కొనే పట్నం వాళ్లు కూడా ఈ పేజీ చూస్తారు. హైదరాబాద్‌లో మా తమ్ముడి ఫ్లాట్‌లో ఫోన్ తెరిస్తే ఇరవైకి పైగా వైఫై పేర్లు కనపడతాయి. అక్కడ జబ్బు వేరు, అది ఇరుకు.

2.4 పట్టీలో మన దేశంలో 13 ఛానెళ్లు ఉన్నాయి. కానీ పక్కపక్క ఛానెళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే. ఒక్కో వైఫైకి కావలసిన చోటు 20. నాలుగు అడుగులు పరుచుకునే మొక్కను అడుగుకొకటి నాటినట్టు. ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండాలని ఎక్కువగా వాడేవి 1, 6, 11. ఫోన్‌లో వైఫై అనలైజర్ అనే రకం యాప్ పెట్టుకుంటే ఎవరు ఏ ఛానెల్లో ఉన్నారో బొమ్మలా చూపిస్తుంది. ఈ మూడింటిలో ఖాళీగా ఉన్నది పెట్టుకోండి.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. పక్కింటాయన 6లో ఉన్నాడని తెలివిగా 5 పెట్టుకుంటారు. అది ఇంకా చెడ్డది. ఇద్దరూ 6లోనే ఉంటే ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది, వంతు వేసుకుంటారు. సగం సగం ఒకరిమీద ఒకరు పడితే మాట అర్థం కాదు, గోల మాత్రం తగులుతుంది. అలాగే రౌటర్ సెట్టింగుల్లో 2.4కి వెడల్పు 40 అని ఉంటే 20కి మార్చండి. ఒక్కరే రెండు మళ్ల చోటు ఆక్రమించకూడదు.

కొత్త రౌటర్లలో 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంటుంది. మన దేశంలో ఈ పట్టీలో చాలా భాగాన్ని 2018లో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి తెరిచారు. అక్కడ చోటు ఎక్కువ, ఓవెన్లు, పాత కెమెరాలు, కాలర్ మైకుల గోల ఉండదు. ఒకటే లోపం, గోడలు దాటడంలో అది బలహీనం. రౌటర్ ఉన్న గదిలో, పక్క గదిలో 5 వాడండి. దూరంగా షెడ్డుకు, బావి దగ్గరికి 2.4 వాడండి. రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టుకుంటే ఏది దేనికి తగిలిందో మీకు తెలుస్తుంది.

మీ ఇంట్లో ఈ వరుసలో చూడండి

1. తెగినప్పుడు ముందు రౌటర్ లైట్లు చూడండి. అన్నీ ఆరి వెలిగితే కరెంటు. ఎర్ర లైటు వెలిగితే బయట లైన్.

2. లైట్లు బాగుంటే ల్యాప్‌టాప్‌ను వైరుతో రౌటర్‌కు తగిలించి చూడండి. వైరులో కూడా తెగితే లైన్‌దే తప్పు. వైరులో బాగుండి వైఫైలో తెగితే మీ ఇంటి గాలిలోనే ఏదో ఉంది.

3. రౌటర్‌కు పదడుగుల్లో నిలబడి చూడండి. అక్కడ బాగుండి దూరంలో పోతే దూరమో, గోడో, నీళ్ల ట్యాంకో అడ్డం. దగ్గర కూడా తెగితే గోల.

4. వారం పది రోజులు పుస్తకంలో రాయండి. వేళ, ఎంతసేపు, ఏమేం నడుస్తున్నాయి. రెండు నిమిషాలకు ఆగిపోయేది వేరు, రాత్రంతా ఉండేది వేరు, ఒక్క యంత్రానికే వచ్చేది వేరు.

5. అనుమానం ఉన్నదాన్ని ఆఫ్ చేసి, ఆన్ చేసి, మళ్లీ ఆఫ్ చేసి చూడండి. మూడుసార్లు ఒకే ఫలితం వస్తే అదే దొంగ. ఒక్కసారికి నమ్మొద్దు.

6. ముందు దూరం జరపండి, తర్వాత వైరు లాగండి, తర్వాత ఛానెల్, 5 గిగాహెర్ట్జ్ చూడండి. కొత్త యంత్రం కొనడం చిట్టచివరి పని.

పింగ్ చేయాలనుకునేవాళ్లకు: మా రౌటర్ చిరునామా 192.168.1.1. మీది రౌటర్ అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఎలా కొట్టాలో వీడియోలో 4వ నిమిషం దగ్గర నెమ్మదిగా చూపించాను.

ఆ తమ్ముడి సంగతి

మరుసటి వారం నేనే ఖమ్మం బస్సెక్కి వెళ్లాను. ఫోన్లో క్షమించమని అడిగే విషయం కాదది. ముందే మామూలు నీళ్లతో ఆకులు కడిగించమని చెప్పాను, కడిగాడు. మాడిన ఆకు రాలిపోయింది కానీ కాండం పచ్చగానే ఉంది. నీటి తడితో జీవామృతం పారించాం. కొత్త చిగుర్లు వచ్చాయి. అయితే ఆ పది గుంటల్లో తొలి కోత దాదాపు పోయినట్టే. దానికి నా వంతు నేను ఇచ్చాను, అతను తీసుకోనంటే వాళ్ల నాన్న చేతిలో పెట్టాను. "నెట్ తప్పు అన్నా, నీది కాదు" అన్నాడు ఆ తమ్ముడు. నాది కూడా. రెండు నెలలు తెగుతున్నదని తెలిసీ దాని మీదే మోతాదులు చెప్పాను.

ఇప్పుడు నెట్ తెగడం లేదు. అయినా ఒక నియమం పెట్టుకున్నాం. లైవ్‌లో ఏ మోతాదు చెప్పినా అడిగినవాళ్లు తిరిగి నాకు చెప్పాలి. లైవ్ అయిపోయాక అదే మోతాదు అంకెలతో రాసి గ్రూపులో పెడతాను. రాసింది చూడకుండా ఎవరూ ట్యాంకులో పోయొద్దు. మీ ఊళ్లో ఫోన్ మీద సలహాలు చెప్పేవాళ్లకు, వినేవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి.

మీ ఇంట్లో పుస్తకం పెట్టి చూశాక ఏ దొంగ దొరికిందో రాసి పంపండి. వచ్చే శనివారం 7 గంటలకు మళ్లీ కలుద్దాం. మిరపలో కింది ముడత గురించి మాట్లాడుకుందాం. మోతాదులు రాసే పెడతాను.